అద్దాల తొట్టిలో తేట నీళ్లు

పోయిన వారం మిమ్మల్నందర్నీ మా లాండ్రీ హాల్లో నేల మీద కూర్చోబెట్టి, కళ్లు మూయించి, అలాగే వదిలేసి చక్కాపోయాను. ఈపాటికి కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. తప్పు నాదే. లేపుతాను, కాస్త ఓపిక పట్టండి.

కొత్తగా వచ్చినవాళ్లకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. లాండ్రీ మా పెద్దమ్మది. హోటళ్ల దుప్పట్లూ తువ్వాళ్లూ రోజూ వ్యాన్లలో వస్తాయి. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పంపిస్తాం. నా పని నీళ్ల రిపోర్టు రాయడం. మేం ఎన్ని నీళ్లు వాడాం, వాడిన నీళ్లని ఎంత మళ్లీ వాడుకున్నాం, భూమికి ఎంత మేలు చేశాం అని ఏటా రంగురంగుల బొమ్మలతో అరవై పేజీలు. పర్యావరణ నివేదిక అని దాని పెద్ద పేరు. ఆరేళ్లలో ఆరు రాశాను. ఆరింటి అట్ట మీదా ఒకటే ఫొటో, మా అద్దాల తొట్టి. బట్టలు జాడించిన నీళ్లు ఆ తొట్టిలో చేరి, మళ్లీ ఉతుకుడికి వెళ్తాయి. తొట్టికి ఒక వైపు గోడంతా అద్దమే. అవతల నీళ్లు మంచినీళ్లలా మెరుస్తూ కనబడతాయి. చూసిన ప్రతివాడూ ఆహా అంటాడు, నేను మురిసిపోతాను.

పెద్దాసుపత్రి వాళ్లు తమ బట్టలన్నీ మాకే ఇస్తామన్నారు. ఒకే ఒక్క షరతు. నా రిపోర్టులో ఉన్నది నిజమేనని వాళ్ల పరిశీలకుడు కళ్లారా చూసి సంతకం పెట్టాలి. ఆ మనిషి వచ్చిన రోజే పెద్దమ్మ మమ్మల్నందర్నీ నేల మీద కూర్చోబెట్టింది.

దానికి మేం పెట్టుకున్న పేరు ఆగుడు. మూడు నెలల కింద పెద్దమ్మ ఎక్కడో ధ్యానం నేర్పే చోట పది రోజులుండి వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచీ పదకొండు కాగానే వంటింటి టైమరు ఒకటి తెచ్చి మధ్యలో పెడుతుంది. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. టైమరు మోగాక ఒక్కొక్కళ్లూ ఒకే ఒక్క మాట చెప్పాలి, ఈ చెయ్యి ఏం చేసింది అని. ఏమనుకున్నాం, ఏం చేద్దామనుకుంటున్నాం, అవేం వద్దు. చెయ్యి ఏం చేసిందో చెప్తే చాలు. మొదట్లో నేను ఆ ఐదు నిమిషాల్లో సాయంత్రం కూరేం చెయ్యాలా అని ఆలోచించుకునేదాన్ని. కొన్నాళ్లకి అదీ మానేసి శుభ్రంగా కునుకు తీసేదాన్ని. మనుషులం ఆగేవాళ్లమే గానీ మిషన్లు ఆగేవి కావు. వాటి హోరు జోల పాటలా ఉండేది.

ఆ రోజు మాత్రం పెద్దమ్మ మిషన్లు కూడా ఆపమంది. పన్నెండు ఉతుకుడు మిషన్లూ, ఆరబెట్టేవీ, పైన తిరిగే ఫ్యాన్లూ, అన్నీ. లాండ్రీ పెట్టాక పనివేళల్లో అన్నీ కలిసి ఆగడం అదే మొదలు. బయటివాడి ముందు ఈ ఆర్భాటం ఎందుకా అని లోపల సణుక్కున్నాను. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, కాళ్ల కింద ఎక్కడో, నీళ్లు పారుతున్న చప్పుడు.

అక్కడ కదూ ఆపాను.

ముందు కళ్లు తెరిచింది ఇస్త్రీ వదిన. ఇరవై ఏళ్లుగా ఆవిరి బుస్సుమనే పెట్టె పక్కన నిలబడ్డ మనిషికి చెవుడు రావాలి గానీ, మా వదినకి పక్క వీధిలో మాటలు కూడా వినబడతాయి. టైమరు ఇంకా తిరుగుతోంది కాబట్టి నోరు మెదపలేదు. వేలు నేల వైపు చూపించి కనుబొమ్మలు ఎగరేసింది. నేను చూడనట్టు మళ్లీ కళ్లు మూసుకున్నాను. మూసుకుంటే ఇంకా గట్టిగా వినబడింది. సన్నగా, తీరిగ్గా, ఎవరికీ భయపడకుండా పారుతోంది.

అన్ని మిషన్లూ ఆగినప్పుడు నీళ్లు పారడానికి వీల్లేదు. ఎవరూ ఉతకడం లేదు, ఎవరూ జాడించడం లేదు. మరి ఈ నీళ్లెవరివి? నా రిపోర్టులో ఏ పేజీలో ఉన్నాయివి?

టైమరు మోగింది. ఎవరూ లేవలేదు. పరిశీలకుడు మాత్రం పక్కకి ఒరిగి నేలకి చెవి ఆనించాడు. పల్చటి మనిషి, పొద్దుటి నుంచీ పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. బూట్లు విప్పి కూర్చున్నాడేమో, మేజోడు చిల్లులోంచి బొటనవేలు బయటికి తొంగి చూస్తోంది. అది చూసి ఇస్త్రీ వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. మడత పెట్టే అమ్మాయిలిద్దరికీ నవ్వు ఆగలేదు. ఆయన తలెత్తి తన వేలి వంక చూసుకుని, తనూ నవ్వేశాడు. దాంతో హాలంతా తేలికపడింది, నేను తప్ప.

తర్వాత మొదలైంది చూడండి సంబరం. ముప్ఫై మందిమి మోకాళ్ల మీద పాకుతూ, నేలకి చెవులు పెట్టి, ఇక్కడ వినబడుతోంది, కాదు ఇక్కడ అంటూ వెతకడమే. డ్రైవరు ఒకాయన మిషన్ కిందకి దూరి ఇరుక్కుపోతే ఇద్దరు కాళ్లు పట్టి లాగారు. సోకుగా కట్టుకొచ్చిన చీర మట్టికొట్టుకుపోయిందని ఒకావిడ గొడవ పెట్టుకుంది గానీ పాకడం మాత్రం ఆపలేదు. పెద్దమ్మ ఒక్కతే తన చోట కదలకుండా కూర్చుని మా అందర్నీ చూస్తోంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, అందుకే కాబోలు అనుకున్నాను.

ఆ చప్పుడు మమ్మల్ని తిన్నగా తీసుకెళ్లి అద్దాల తొట్టి ముందు నిలబెట్టింది.

పరిశీలకుడు అద్దం ముందు నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, ఏ కోపమూ లేకుండా, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"ఇవి బట్టలు జాడించిన నీళ్లే కదండీ. మరి సబ్బేదీ?"

ఆరేళ్లు. రోజుకి రెండుసార్లు ఆ అద్దం ముందు నుంచి నడిచాను. ఎదురుగా నిలబడి జుట్టు సవరించుకున్నాను. ఫొటోలు తీయించాను. "స్ఫటికంలాంటి నీరు" అని ఆకుపచ్చ అక్షరాల్లో అచ్చేయించాను. వెయ్యి తువ్వాళ్లు జాడించిన నీళ్లు పాలలా తెల్లగా, నురగతో ఉండాలి కదా అన్న ముక్క ఏ రోజూ నా బుర్రకి తట్టలేదు. నేను ఆ నీళ్లని చూసి కాదు మురిసింది, వాటిలో కనబడే నా మొహాన్ని చూసి. ఇంత తెలివిగలదాన్ని మా అమ్మ ఎలా కన్నదో.

తొట్టి వెనకాల ఇరుకు సందు ఉంది. అక్కడికి పైపుల బాబాయ్ తప్ప ఇంకెవరూ వెళ్లరు. బాబాయ్ మా ఫిట్టరు, లాండ్రీలో ప్రతి పైపుకీ ఆయన పెట్టిన ముద్దు పేరొకటి ఉంటుంది. ఆ సందులో ఒక ఎర్ర చక్రం. దాన్ని ఎడమకి తిప్పితే జాడించిన నీళ్లు తొట్టిలోకి వస్తాయి. కుడికి తిప్పితే ఆ నీళ్లు నేరుగా కాలవలోకి పోతాయి, వాటికి బదులు పై ట్యాంకులోంచి కొత్త బోరు నీళ్లు తొట్టిలోకి దిగుతాయి. తొట్టి నిండి పొర్లినవి కూడా కాలవలోకే. చక్రం కుడికి తిరిగి ఉంది. పొర్లే గొట్టం ఏకధారగా పారుతోంది. పగలంతా మిషన్ల హోరు కింద, రాత్రంతా ఎవరూ లేని హాల్లో, ఇన్నాళ్లూ అది పారుతూనే ఉందన్నమాట.

ఉతుకుడికైనా కాలవకైనా, తొట్టిలోంచి బయటికి వెళ్లే నీళ్లన్నిటికీ కలిపి ఒక మీటరుంది. ఆ అంకె చూసే నేను "మళ్లీ వాడుకున్న నీరు" అని రాసేదాన్ని. అంకె ఏటేటా పెరుగుతుంటే ఎంత పొదుపరులమో అని పేజీ చివర పువ్వు బొమ్మ కూడా వేయించాను. పొర్లిపోయిన బోరు నీళ్లకి పువ్వు బొమ్మ.

పరిశీలకుడు సంచీలోంచి ఒక కాయితం తీశాడు. లోపం దొరికితే రాయాల్సిన ఫారం అట. అందులో ఒక గడి ఉంది, బాధ్యులు అని. అక్కడ ఎవరి పేరు రాస్తే వాళ్లు ఇక ఆసుపత్రి బట్టలకి సంబంధించిన ఏ నీళ్ల పనీ ముట్టుకోవడానికి వీల్లేదు. నియమం తనది కాదని, ఆసుపత్రిదని సర్దిచెప్పినట్టు చెప్పాడు. ఆసుపత్రి పని వచ్చిందంటే మా లాండ్రీలో సగం బట్టలు వాళ్లవే. అంటే ఆ పేరు గలవాడికి ఇక్కడ పని లేనట్టే.

"రాసుకోండి సార్, నేనే," అన్నాడు బాబాయ్. "తిప్పింది నేను. మళ్లీ తిప్పడం మర్చిపోయిందీ నేనే. వయసు మీద పడింది."

అంటూ ఎర్ర చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక్కి పెట్టిన చెయ్యి దేన్నో కప్పుతోంది. బాబాయ్ మర్చిపోవడమేమిటి, నా మొహం. ఏ పైపుకి ఏ నెలలో ఏ మర వేశాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మెడ సాచి చూశాను. చక్రానికి తీగతో ఒక చీటీ కట్టి ఉంది, పైన ప్లాస్టిక్ కవరు. బాబాయ్ వేళ్ల సందుల్లోంచి నాకు ఒక్క అక్షరం కనబడింది. వెలిసిపోయిన ఆకుపచ్చ సిరా.

లాండ్రీ మొత్తంలో ఆకుపచ్చ సిరాతో రాసేది ఒక్కళ్లే. ఆ పెన్ను ఆ క్షణాన కూడా నా జేబులోనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. తొట్టి ప్రారంభం రోజు. నేను ఉద్యోగంలో చేరి నెల కాలేదు. ఇంకో గంటలో అతిథులొస్తారనగా తొట్టిలో నీళ్లు తెల్లగా, నురగ నురగగా, చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి. ఇలా ఉంటే ఫొటోలో ఏం బావుంటుందని నాకు ఒళ్లు మండింది. అటూ ఇటూ పరిగెడుతున్న హడావుడిలో ఒక చీటీ రాసి బాబాయ్ చేతిలో పెట్టాను. తర్వాత కేకు కోశారు, చప్పట్లు కొట్టారు, ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. చీటీ సంగతి నా తలలోంచి ఎగిరిపోయింది.

నా పేరు ఆ గడిలోకి వెళ్తే ఇక రిపోర్టు లేదు, ఆ పచ్చ అక్షరాలు లేవు, నేను నేనని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. వెళ్లకపోతే బాబాయ్‌కి పైపులుండవు. పరిశీలకుడు పెన్ను మూత తీశాడు. బాబాయ్ నా వైపు చూసి, ఊరుకో అన్నట్టు తల ఒక్క పిసరు ఆడించాడు. ఆ తల ఆడించడమే నన్ను చంపేసింది.

అంతలో పెద్దమ్మ గోడ పట్టుకుని మెల్లగా నడిచొచ్చింది. చేతి రుమాలు కనబడకపోతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఇంత జరిగినా ఒక్క మాట తూలలేదు. చక్రం వైపు చూసింది. తర్వాత చేతిలో టైమరు చూసుకుని, ఆగుడు సగంలో ఆగింది, మాటలు చెప్పుకోలేదింకా, ముందు అది కానివ్వండి, రాతకోతలు తర్వాత, అంది. పరిశీలకుడు ఒక్క క్షణం ఆలోచించి పెన్ను మూత పెట్టేశాడు.

అక్కడే, తడి నేల మీదే, తొట్టి చుట్టూ నిలబడ్డాం. ఇస్త్రీ వదిన తన చెయ్యి పొద్దున్న ఒక దిండు గలీబు కాల్చి, మడతలో దాచి పంపించేసిందని చెప్పింది. మడత అమ్మాయి ఒకతి, ఎవరూ వాడనివని తెలిసీ తన చెయ్యి తొంభై తువ్వాళ్లని మిషన్‌లో పడేసిందని చెప్పింది. మామూలుగా ఈ మాటలు నాకు సగం నిద్రలో వినబడేవి. ఆ రోజు ఒక్కోటీ చెంప మీద నీళ్లు చల్లినట్టు తగిలింది. వీళ్లంతా మూడు నెలలుగా నిజమే చెప్తున్నారు. నేను కునుకు తీస్తున్నాను.

నా వంతు వచ్చింది.

"ఆరేళ్ల కింద నా చెయ్యి ఒక చీటీ రాసింది," అన్నాను. "అతిథులు వెళ్లేదాకా కొత్త నీళ్లు వదలండి, నేను చెప్పేదాకా ముట్టుకోకండి అని. మళ్లీ చెప్పలేదు. బాబాయ్ మర్చిపోలేదు, నేను మర్చిపోయాను. ఆ గడిలో రాయాల్సింది నా పేరు."

ఒకే ఒక్క మాట చెప్పాలన్న నియమం తప్పానని ఆ తర్వాత తట్టింది. ఎవరూ పట్టించుకోలేదు.

బాబాయ్ కళ్లనీళ్లు పెట్టుకుంటూనే నన్ను కసురుకున్నాడు. మాట దక్కనివ్వవు కదా తల్లీ, అన్నాడు. ఇన్నేళ్లూ ఎందుకడగలేదు బాబాయ్ అంటే, అడగడమెందుకు, అతిథులు వెళ్లేదాకా అని రాసిచ్చావు, మర్నాడు బడిపిల్లలొచ్చారు, ఆ పై వారం హోటళ్ల వాళ్లొచ్చారు, మన లాండ్రీకి అతిథులు లేని రోజేది, అన్నాడు. ఆ మాటకి పరిశీలకుడు ముందు దగ్గాడు, ఆ దగ్గు నవ్వయింది, అది అందరికీ అంటుకుంది. నేనూ నవ్వాను, ఏడుస్తూనే. గుండెల మీంచి తడి దుప్పటి మూట ఒకటి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. ఉద్యోగం పోతే పోయింది గానీ, ఆరేళ్ల తర్వాత ఊపిరి నిండా గాలి దిగింది.

పరిశీలకుడు నన్నే తిప్పమన్నాడు. ఎర్ర చక్రం బిగుసుకుపోయి ఉంది. బాబాయ్ ఒక పక్క, ఇస్త్రీ వదిన ఒక పక్క పట్టుకుంటే కిర్రుమంటూ ఎడమకి తిరిగింది. మిషన్లు మళ్లీ వేశారు. అందరం అద్దం ముందుకి పరిగెత్తాం. రెండు నిమిషాలకి గొట్టంలోంచి బుడబుడమని మొదటి జాడింపు నీళ్లు దూకాయి. తెల్లగా, చిక్కగా, దారప్పోగులతో, పైన ఇంతెత్తు నురగతో. నా స్ఫటికం కళ్ల ముందే విరిగిన పాలైపోయింది. హాలంతా ఈలలు, చప్పట్లు. మురికి నీళ్లని చూసి అంతగా సంబరపడ్డ జనాన్ని మీరెక్కడా చూసి ఉండరు. మడత అమ్మాయిలు ఒకర్నొకరు పట్టుకుని గెంతారు. పరిశీలకుడు బొటనవేలు బయటపెట్టుకునే చప్పట్లు కొట్టాడు.

తర్వాత ఆయన నా రిపోర్టు తీసి నాకే ఇచ్చేశాడు. ఇందులో సంతకం పెట్టడానికి ఒక్క పేజీ కూడా లేదని, వారం రోజులు రోజూ పదకొండుకి వచ్చి మాతో పాటు కూర్చుంటానని, ఈ వారంలో చూసిందీ విన్నదీ మాత్రం కొత్తగా రాయమని చెప్పాడు. మరి ఆ గడి అని అడిగాను. దానికి జవాబివ్వకుండా చీటీ వైపు వంగాడు. కవరు విప్పబోయి, ఆగి, ఇదెవరు కట్టారని అడిగాడు.

తీగ తనదేనన్నాడు బాబాయ్. అంతవరకూ చెప్పి, కవరుని దగ్గరగా చూసి, మొహం చిట్లించాడు.

"ఈ టేపు మాత్రం నాది కాదు సార్. రెండేళ్ల కింద ఒకరోజు చూస్తే పాత కవరు లేదు, ఎవరో కొత్తది వేసి నీటుగా టేపు అంటించి ఉన్నారు. అమ్మాయే అనుకున్నాను."

నేను కాదు. ఆ సందులో అడుగు పెట్టడం నాకదే మొదలు. అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. రెండేళ్ల కింద ఎవరో ఈ చీటీ చదివారు. ఏం జరుగుతోందో వాళ్లకి అర్థమైంది. చక్రం తిప్పకుండా, చీటీ తడవకుండా భద్రం చేసి వెళ్లిపోయారు.

పరిశీలకుడు మళ్లీ పెన్ను మూత తీశాడు.

అప్పుడు వెనకాల టైమరు కింద పెట్టిన చప్పుడైంది. చుట్టూ అందరూ మాట చెప్పేశారు, ఒక్కరు తప్ప. పెద్దమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. తల ఎత్తలేదు. ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"నా వంతు ఇంకా ఉందే అమ్మాయ్. ఆ టేపు అంటించింది నా చెయ్యి."